ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ ఫోన్లకు మారాం: ఐదుకు నాలుగు

సర్వీసు బాగుంది. ఆ పోయిన ఒక్క మార్కు ఎక్కడ పోయింది, వచ్చిన నాలుగింట్లో కంపెనీ గొప్ప ఎంత, మేం ముందే పడ్డ పాట్లు ఎంత అనేది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఎవరి దగ్గర తీసుకున్నా ఆఫీసు గుమ్మం లోపల మనం చేసుకోవాల్సిన పని మారదు.

నేను మోటారు పంపుల విడిభాగాలు సరఫరా చేసే ఆఫీసులో అడ్మిన్ చూస్తాను. ఆర్డర్లు ఎక్కువగా ఫోన్‌లోనే వస్తాయి. ఫోన్ మోగకపోతే షట్టర్ దించినట్టే.

ఈ కంపెనీలో నాకు బాగా నచ్చింది వాళ్ల ఫోన్లూ కాదు, యాపూ కాదు. కొనకముందు పంపిన ఫారం. అందులో మొదటి ప్రశ్న: మీకు ఎన్ని లైన్లు ఉన్నాయి, ఒక్కొక్కటి ఎక్కడికి వెళ్తోంది? చూడ్డానికి చిన్న ప్రశ్నే. తీరా బిల్లులో ఉన్న నంబర్లకీ, రిసెప్షన్‌లో ఈపీఏబీఎక్స్‌కి (కాల్స్‌ని ఆఫీసు ఎక్స్‌టెన్షన్లకు పంచే పెట్టె) వచ్చే లైన్లకీ లెక్క కుదరలేదు. మా నెట్‌వర్క్ చూసే అబ్బాయి ఒక మామూలు ఫోన్ సెట్టు చంకన పెట్టుకుని గోడకున్న ప్రతి సాకెట్‌లో గుచ్చి, తన మొబైల్‌కి రింగ్ ఇచ్చి, ఏ నంబర్ పడుతోందో కాగితం మీద రాసుకున్నాడు. అలా బయటపడ్డాయి: లిఫ్ట్‌లో ఉండే ఎమర్జెన్సీ ఫోన్, గోడౌన్ దొంగల అలారం పెట్టె, మూల పడున్న ఫ్యాక్స్. వీటిని ఫోన్లని ఎవరూ అనుకోరు. లైను కట్ చేసిన రోజు అవీ చప్పుడు లేకుండా చచ్చిపోయేవి. లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కుంటే తప్ప మనకు తెలిసేది కూడా కాదు.

ఫ్యాక్స్ గురించి వాళ్ల సేల్స్ మనిషి "ఏటీఏ డబ్బా ఒకటి పెడితే అయిపోతుందండీ" అన్నాడు. అది సగం నిజం. పాత మెషీన్‌ని ఇంటర్నెట్ లైనుకు కలిపే అడాప్టరే ఏటీఏ, కలుపుతుంది కూడా. కానీ బ్యాండ్‌విడ్త్ మిగల్చడానికి మాటను కుదించి పంపే జీ.729 లాంటి కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) పెడితే ఫ్యాక్స్ కూతలు చెడిపోతాయి. ఫ్యాక్స్ కోసమే ఉన్న టీ.38 పద్ధతి ఏటీఏలోనూ, కంపెనీ సర్వర్లోనూ రెండు చోట్లా ఉండాలి. మా కంపెనీకి ఉంది. మీరు అడిగి, రాతలో తీసుకోండి.

తర్వాత ఇంటర్నెట్. అందరూ స్పీడ్ అడుగుతారు, అసలు చిక్కు అక్కడ ఉండదు. జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి మాట 64 కేబీపీఎస్, ప్యాకెట్ల మీద చిరునామాల బరువు కలిపితే ఒక్కో వైపుకి సుమారు 87. పది మంది ఒకేసారి మాట్లాడినా ఒక ఎంబీపీఎస్ లోపే. ఇవాళ ఏ ఆఫీసు కనెక్షన్‌కీ అది లెక్కలోది కాదు. చూడాల్సింది ఆలస్యం, ఆ ఆలస్యంలో ఎగుడుదిగుడు, దారిలో పోయే ప్యాకెట్లు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని ఐటీయూ (టెలికాం ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) జీ.114 సిఫారసు. అంతకు బాగా మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు.

టెస్ట్ పొద్దున్నే ఖాళీ ఆఫీసులో చేస్తే అంతా బ్రహ్మాండంగా వస్తుంది. మేం రద్దీ టైంలో చేయించాం. సీసీటీవీ బ్యాకప్ పైకి ఎక్కుతున్నప్పుడు మా మాట అవతలి వాళ్లకు ముక్కలుగా వెళ్తోంది. వాళ్ల మాట మాత్రం మాకు గంట కొట్టినట్టు వినపడుతోంది. మా అకౌంటెంట్ గారు ట్రయల్ ఫోన్‌లో "నాకు బాగానే ఉందండీ, మీకే సిగ్నల్ లేనట్టుంది" అని కస్టమర్‌కి నచ్చజెబుతున్నారు! అప్‌లోడ్ వైపు నిండిపోతే జరిగేది ఇదే. బ్యాకప్‌ని రాత్రికి మార్చి, రూటర్‌లో క్యూఓఎస్ పెట్టి మాట ప్యాకెట్లు ముందు వెళ్లేలా చేశాక ఆయన ఆ మాట మళ్లీ అనలేదు. ఫోన్లన్నీ కేబుల్ మీదే, వైఫై మీద ఒక్కటి కూడా పెట్టలేదు.

ఇంకో తమాషా: ట్రయల్‌లో కొన్ని కాల్స్ అర నిమిషం దాటగానే టపీమని కట్ అయ్యేవి. ఎప్పుడూ అదే చోట. కాల్ ఎత్తాక "అందింది" అని ఇటు నుంచి వెళ్లాల్సిన కబురు అవతలికి చేరకపోతే, సిప్ (ఇంటర్నెట్ కాల్స్ కలిపే, ముగించే పద్ధతి) నియమం ప్రకారం అటువైపు 32 సెకన్లు చూసి వదిలేస్తుంది. ఆ కబురును దారి తప్పించింది మా రూటర్‌లో ఉన్న సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్. సాయం చేద్దామని పెట్టిందే, చాలా రూటర్లలో పని చెడగొడుతుంది. ఆఫ్ చేశాం, పోయింది. దీన్ని సపోర్ట్‌లో ఒకమ్మాయి లక్షణం వినగానే పట్టేసింది. ఒక మార్కు అచ్చంగా ఆ అమ్మాయిదే.

ఇక పోయిన మార్కు. అంత మంచి ఫారంలో కరెంటు గురించి ఒక్క ముక్క లేదు. పాత లైనుకు ఎక్స్ఛేంజ్ నుంచి 48 వోల్టుల బ్యాటరీ సరఫరా రాగి తీగలోనే వచ్చేది, మన దగ్గర కరెంటు పోయినా మామూలు సెట్టు మోగేది. ఇప్పుడు ఫోనే కాదు, దాని వెనక ఉన్న స్విచ్, రూటర్, గోడకున్న ఫైబర్ డబ్బా, అన్నిటికీ కరెంటు కావాలి. ఒక్కటి ఆగినా అన్నీ మూగే. మేం పీఓఈ స్విచ్ తీసుకున్నాం, నెట్‌వర్క్ కేబుల్లోనే ఫోన్లకు కరెంటు వెళ్తుంది. కాబట్టి ఒక్క యూపీఎస్‌తో అన్నీ నిలబడతాయి. ఫైబర్ డబ్బా మాత్రం వేరే గదిలో, వేరే ప్లగ్గులో ఉంది. దాన్నీ యూపీఎస్ మీదకి తెచ్చుకున్నాం. ఇదంతా మేం వెతుక్కుంటే తెలిసింది, వాళ్లు చెబితే కాదు. ఆఫీసు మొత్తం ఆరిపోతే కాల్స్ మొబైళ్లకు మళ్లించే సదుపాయం మాత్రం చక్కగా పనిచేస్తోంది. అది ముందే పెట్టి ఉంచుకోవాలి, చీకట్లో కూర్చుని పెట్టుకునేది కాదు.

నంబర్ పోర్టింగ్, అంటే పాత నంబర్లనే కొత్త కంపెనీకి మార్చుకోవడం, గొడవ లేకుండా అయింది. పాత బిల్లు మీద సంస్థ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాశాం. పోర్టింగ్ పూర్తయ్యేదాకా పాత కనెక్షన్ రద్దు చేయమని ఎవరికీ ఫోన్ చేయకండి, నంబర్ చేజారుతుంది. మీ బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి తీగ మీద వస్తుంటే లైనుతో పాటు అదీ పోతుంది, ముందు ఫైబర్ వేయించుకోండి. ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేస్తే ఏ చిరునామా కనిపిస్తుందో కూడా అడగండి. ఇంటర్నెట్ నంబర్ ఎక్కడ లాగిన్ అయితే అక్కడ మోగుతుంది, అది ఉన్న బిల్డింగ్ దానంతటదే ఎవరికీ తెలియదు.

నాకు ఒళ్లు మండింది ఒక్క విషయంలో. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 పెట్టి, విదేశీ కాల్స్ తెరిచి ఇచ్చారు. ఇలాంటి ఖాతాల కోసం వెతికేవాళ్లు ఇంటర్నెట్‌లో ఎప్పుడూ ఉంటారు. సెలవు రోజు రాత్రి దూరి, ఖరీదైన విదేశీ నంబర్లకు వరసగా కాల్స్ చేస్తారు, బిల్లు మనకొస్తుంది. పాస్‌వర్డ్‌లన్నీ మార్పించి, విదేశీ కాల్స్ మూయించి, రోజుకి ఇంతకు మించి వాడకుండా పరిమితి పెట్టించాం. అడగ్గానే చేశారు. అడక్కుండా చేయాల్సింది.

మిగతావి: రికార్డింగ్ స్పష్టంగా ఉంది, యాప్ పర్వాలేదు, ఐవీఆర్‌లో ("ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని చెప్పేది) వాళ్లిచ్చిన గొంతు రోబోలా ఉంటే మా రిసెప్షనిస్టు గొంతు పెట్టాం. దొంగల అలారానికి అలారం కంపెనీయే సిమ్ మాడ్యూల్ బిగించింది. లిఫ్ట్ వాళ్లు ఇంకా బిగించలేదు, అందుకని ఆ ఒక్క రాగి లైనుకు ఇప్పటికీ బిల్లు కడుతున్నాం.