ఆపరేషన్ తరువాత మళ్ళీ పెసరట్టు: విజయనగరంలో బోర్డు లేని ఒక మెస్సు

పిత్తాశయం తీయించుకుని, నూనె లేని తిండి నుంచి ఇప్పుడిప్పుడే బయటపడుతున్నవారు విజయనగరంలో మొదట ఎక్కడ తినాలని ఎవరడిగినా నేను ఒకే చోటు చెబుతాను. గంటస్తంభం దగ్గర బజారులోంచి ఒక సన్న సందులోకి తిరిగితే, పాత పెంకుటింటి అరుగు మీద నాలుగు బల్లలు వేసిన మెస్సు. బోర్డు లేదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, అంతే. రాత్రి పొయ్యి వెలిగించరు. పొయ్యి దగ్గర పెద్దావిడ, వడ్డనకు ఆవిడ కొడుకు, కోడలు. ఊళ్ళో ఇంతకంటే పెద్ద హోటళ్ళున్నాయి, ఒకటి రెండు వంటకాలు ఇంతకంటే రుచిగా చేసే చోట్లూ ఉన్నాయి. అయినా కొంచెం పెట్టమంటే నిజంగా కొంచెమే పెట్టే చోటు నాకు ఇదొక్కటే కనిపించింది.

ఆ కొంచెం విలువ తెలియాలంటే నా సంగతి కాస్త చెప్పాలి. నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసుకునే మనిషిని. పిత్తాశయంలో రాళ్ళున్నాయని స్కానింగులో తేలింది. వాపు తగ్గేదాకా ఆపరేషన్ కుదరదని, అందాకా కొవ్వు బాగా తగ్గించాలని చెప్పారు. నాకు రాసిచ్చిన పథ్యం చీటీలో రోజు మొత్తానికి కొవ్వు 30 గ్రాములు దాటరాదని ఉంది. టీ చెంచాడు నూనెలోనే దాదాపు 5 గ్రాములు పోతుంది. వంద గ్రాముల జీడిపప్పులో 44 గ్రాముల దాకా కొవ్వే. పలాస నుంచి మా తోడల్లుడు ఏటా పంపే జీడిపప్పు డబ్బాను ఆ ఏడు మూత తీయకుండానే పక్కింటి పిల్లలకు ఇచ్చేశాం. కొబ్బరి పచ్చడి లేదు, వేరుశనగ పచ్చడి లేదు, గుడ్డులో పచ్చసొన లేదు, మీగడ లేదు. ఉడికించిన బీరకాయ, పోపు లేని పప్పు, పలచని మజ్జిగ. మా ఆవిడ ఆవాలు, జీలకర్ర వట్టి మూకుట్లో వేయించి పప్పు మీద చల్లేది. ఆమె పడ్డ శ్రమను నేను మరచిపోను. కానీ నూనెలో చిటపటలాడని ఆవాలకు ఆ రుచి రాదు, ఇంగువ సంగతి చెప్పనే అక్కరలేదు.

కొవ్వు చిన్నపేగులోకి చేరగానే పిత్తాశయం ముడుచుకుని, తనలో నిలవ ఉన్న పైత్యరసాన్ని వదులుతుంది. దారిలో రాయి అడ్డుపడితే ఆ ముడుచుకోవడమే కుడి డొక్కలో పోటుగా తెలుస్తుంది. అందుకే ఆ పథ్యం. పిత్తాశయం తీసేసినా పైత్యరసం తయారవడం ఆగదు, దాన్ని తయారుచేసేది కాలేయం. నిలవ ఉంచే సంచి మాత్రమే పోతుంది, రసం పేగులోకి కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. ఒక్కసారిగా నూనె ఎక్కువ పడితే కొందరికి కడుపు కదులుతుంది. పొట్ట మీది చిన్న గాట్లు మానాక సర్జన్ గారు నాకు చెప్పింది ఇదే: అన్నీ తినవచ్చు, ఒకేసారి వద్దు, ప్రతి పదార్థమూ కొంచెంతో మొదలుపెట్టి ఒంటికి పడిందో లేదో చూసుకోవాలి.

ఈ మాటను ఇంట్లో పాటించవచ్చు. బయట తినేవాడికి చాలా కష్టం. నూనె తక్కువ వేయమంటే సరేనన్న ఒక హోటల్లో, అంచుల నుంచి నూనె కారుతున్న పెసరట్టు తెచ్చి పెట్టారు. డబ్బు చెల్లించి, తినకుండా లేచి వచ్చాను.

ఈ మెస్సులో పెద్దావిడతో, "పిన్నిగారూ, నాకు ఆపరేషన్ అయింది, నూనె ఎక్కువ పడదు" అన్నాను. "ఏం ఆపరేషన్ బాబూ?" అని అడిగారు. చెప్పింది మొత్తం విన్నాక, "అయితే ఇవాళ సగం అట్టు వేస్తాను. అది అరిగితే రేపు మొత్తం తిందువుగాని" అన్నారు. ఉల్లిపాయ సగం ముక్కను నూనెలో అద్ది పెనం మీద రాశారు. ఆ పైన వేరే నూనె చుక్క వేయలేదు. పొట్టు తీయని పెసలు, పచ్చిమిర్చి, అల్లం కలిపి రుబ్బిన పిండి. అంచులు కరకరలాడుతూ, మధ్యలో కాస్త మెత్తగా, పైన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ. పక్కన బెల్లం, చింతపండు సమంగా పడిన అల్లం పచ్చడి. రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీవాళ్ళు ఫోను చేస్తున్నా తీయకుండా ఆ సగం అట్టు నెమ్మదిగా తిన్నాను. అంత సంతోషంగా నేను ఏ పెళ్ళి భోజనమూ చేయలేదు. బిల్లులో సగం అట్టుకు సగం ధరే వేశారు, 20 రూపాయలు.

భోజనంలో నెయ్యి గిన్నె బల్ల మీద పెట్టరు. కొడుకు చిన్న చెంచాతో తెచ్చి, "రైటరు గారూ, అర చెంచానా, చెంచానా?" అని అడిగి వేస్తాడు. దీన్ని పిసినారితనం అనుకునేవారున్నారు, నేను ఒప్పుకోను. కావాలంటే రెండోసారీ వేస్తారు. ఇంట్లో వెన్న కాచిన పూస నెయ్యి అది. వేడి ముద్దపప్పు మీద ఆ అర చెంచా కరుగుతుంటే వచ్చే వాసనతోనే నాకు సగం ఆకలి తీరింది.

అయితే దూరం నుంచైనా రావలసింది పనసపొట్టు కూర కోసం. లేత పనసకాయ పొట్టును ఉడికించి, నీళ్ళు పిండి, చింతపండు పులుసు పట్టించి, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో మగ్గిస్తారు. ఆవ ముద్ద మాత్రం పొయ్యి మీంచి దించి, కాస్త చల్లారాక కలుపుతారు. వేడిలో కలిపితే చేదెక్కుతుంది. ఇక్కడ ఆ చేదు ఎప్పుడూ తగలలేదు. ముందు పులుపు, తరువాత పప్పులు పళ్ళ కింద పడడం, చివరికి ఆవ ఘాటు ముక్కుకు ఎక్కడం, ఈ వరుస తప్పదు. ఈ కూరకు నూనె ధారాళంగా పట్టాలి, తక్కువైతే పొట్టు గడ్డిలా ఉంటుంది. అందుకని వంటలో తగ్గించరు. నాకు గిన్నె అంచున నూనె చేరిన చోట కాకుండా మధ్య నుంచి తీసి, రెండు చెంచాలు పెట్టారు. ఒంట్లో ఏ ఇబ్బందీ రాలేదు. ఆ మరుసటి వారం నుంచి అందరితో సమానంగా వేయించుకుంటున్నాను.

ఆదివారం దిబ్బరొట్టె ఉంటుంది. ఇనుప మూకుట్లో మూతపెట్టి, సన్నని సెగ మీద కాలుస్తారు. అడుగున ఎర్రని పెచ్చు బలంగా కడుతుంది, లోపల మాత్రం మెత్తన. చెరకు పానకంతో ఇస్తారు, అడిగితే పావు ముక్క కూడా కోసిస్తారు. గారెలు మాత్రం నాకు ఇంకా పూర్తిగా అందుబాటులోకి రాలేదు. ఒకటి తింటే బాగుంటాను, రెండోది తింటే ఆ సాయంత్రం కడుపు బరువుగా ఉంటుంది. అది గారె తప్పు కాదు.

లోపాలు లేకపోలేదు. సాంబారులో బెల్లం ఎక్కువ, పప్పుచారు అడిగి వేయించుకోవడం మేలు. కాఫీ పలచగా ఉంటుంది. అరుగు మెట్లు ఎత్తు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, కుట్లు పచ్చిగా ఉన్నవారికి ఎక్కడం ఇబ్బందే. ఈ సంగతి వారికి చెప్పాను, ఒక వెదురు కర్రయినా కట్టిస్తే బాగుంటుంది. ఒంటిగంటన్నర దాటితే కూరలు మిగలవు. భోజనం 110 రూపాయలు, ఆ వంటకు ఇది న్యాయమైన ధర.

దసరా తరువాత వచ్చే సిరిమానోత్సవం రోజున ఇటు రావద్దు. పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా జనమే, సందులోకి అడుగు పడదు. పనసపొట్టు లేత కాయలు దొరికే వేసవి ముందు రోజుల్లోనే ఎక్కువగా చేస్తారు, అదీ రోజూ కాదు. ముందు రోజు టిఫినుకు వెళ్ళినప్పుడే పెద్దావిడను అడిగి, మీకు ఏది పడదో కూడా అప్పుడే చెప్పి రండి.