రొమ్ములో గడ్డ: మామోగ్రామా, అల్ట్రాసౌండా, ఎమ్మారైయా?

చేతికి గడ్డ తగిలిందనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. విశాఖలో స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు కాబట్టి, "ఖరీదైనదే చేయించేద్దాం, ఒక్కసారే తేలిపోతుంది" అని ఎవరో ఒకరు అననే అంటారు. కానీ ఏ పరీక్ష ముందన్నది వయసును బట్టి, ధరను బట్టి కాదు.

30 లోపు వాళ్లకు అల్ట్రాసౌండే ముందు. ఆ వయసులో రొమ్ములో గ్రంథుల కణజాలం ఎక్కువ. మామోగ్రామ్‌లో (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) అదీ తెలుపే, క్యాన్సర్ గడ్డా తెలుపే. లంబసింగి మంచులో తెల్లచీర కట్టుకున్న మనిషిని వెతికినట్టే. అల్ట్రాసౌండ్‌లో అయితే గడ్డలో ఉన్నది నీరా కాదా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. నీటితిత్తి తెర మీద నల్లగా, నున్నటి అంచుతో, వెనక మెరుపుతో కనిపిస్తుంది. రేడియేషన్ లేదు, కాబట్టి గర్భిణులకూ మొదట ఇదే. (గది బయట లింగనిర్ధారణ చేయమన్న బోర్డు కాదు, అది నేరమన్న బోర్డు చూసి తికమకపడకండి, అల్ట్రాసౌండ్ ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది.)

40 దాటితే మామోగ్రామ్ ముందు, అల్ట్రాసౌండ్ తోడు. కొన్ని తొలిదశ క్యాన్సర్లకు ఆనవాలైన సన్నటి కాల్షియం చుక్కలు అల్ట్రాసౌండ్‌కు సరిగ్గా అందవు. రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు అదిమిపెడతారు. కొందరికి బాగానే నొప్పెడుతుంది. ఆ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వద్దు, అవీ ఫిల్ములో చుక్కల్లాగే పడతాయి. మన ఉక్కపోతలో కష్టమే, ఒక్క పూటే కదా! రేడియేషన్ గురించి భయం అక్కర్లేదు: మామూలు పరీక్షకు సుమారు 0.4 మిల్లీసీవర్టులు, ప్రకృతి నుంచి ఏడు వారాల్లో ఒంటికి చేరేంత.

30, 40 మధ్య వాళ్లకు ఏది ముందన్నది డాక్టరు చూసి చెబుతారు.

ఎమ్మారై చిన్నవాటినీ పట్టేస్తుంది, కానీ ప్రమాదం లేనివాటినీ అనుమానిస్తుంది. గాడోలినియం (గడ్డ స్పష్టంగా కనబడేలా చేసే మందు) ఇంజెక్షన్ ఇచ్చి, బోర్లా పడుకోబెట్టి తీస్తారు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్లకు, తేలిన క్యాన్సర్ ఎంత మేర పాకిందో చూడటానికి అవసరపడుతుంది. మామూలు గడ్డకు మొదటి పరీక్షగా డబ్బు దండగ. థర్మోగ్రఫీ (ఒంటి వేడిని బొమ్మ తీసే పరీక్ష) క్యాంపులైతే అసలు లెక్కలోకే రావు, అవి మామోగ్రామ్‌కు బదులు కావు.

రిపోర్టులో బైరాడ్స్ (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె) 4 లేదా 5 అని ఉంటే బయాప్సీ తప్పదు. ఏ స్కానూ క్యాన్సరని తేల్చదు, సూదితో తీసిన ముక్కే తేలుస్తుంది. స్కాన్ నార్మల్ వచ్చినా గడ్డ చేతికి అనుమానంగా తగులుతుంటే డాక్టరు బయాప్సీ అడగవచ్చు, కాదనకండి. కేజీహెచ్‌కు వెళ్లినా, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి.