కొట్టంలో రబ్బరు మ్యాట్లు: నాలుగో చలికాలంలో నా అనుభవం

నాగోబా జాతర అయిపోయింది, శివరాత్రి దగ్గరికొచ్చింది. ఆదిలాబాద్ జిల్లాలో మా ఇచ్చోడ వైపు చలి మాత్రం ఇంకా పోలేదు. పొద్దున నాలుగున్నరకి కొట్టంలోకి వెళితే బర్రెల ముక్కుల్లోంచి పొగలు వస్తున్నాయి. పొదుగు కడగడానికి కాచిన నీళ్లు పొయ్యి దగ్గర్నుంచి తెచ్చేసరికే గోరువెచ్చగా అయిపోతున్నాయి. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లు ఫోన్ చేసి, కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్లు కొనొచ్చా అని అడిగారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు మొత్తం ఒకసారి రాస్తున్నాను.

మేం 2022 దీపావళి తర్వాత మూడు మ్యాట్లు కొన్నాం. రెండు ముర్రా బర్రెలకి రెండు, నాటు ఆవుకి ఒకటి. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, 17 మిల్లీమీటర్ల మందం. అప్పుడు ఒక్కోటి 2,300 రూపాయలు పడింది, ఆటో కిరాయి వేరే. ఒక్కో మ్యాట్ 45 కిలోల పైనే ఉంటుంది. ఈ బరువు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

ముందు మా కొట్టం మట్టిదే. శుభ్రంగా ఉంటుందని 2021లో సిమెంటు చేయించాం. వానాకాలం హాయిగా గడిచింది. చలి మొదలయ్యాక తెలిసింది సిమెంటు ఎంత చల్లబడుతుందో. పడుకున్న పశువు ఒంట్లోని వేడిని కింది నేల లాగేస్తుంది. దానికి తోడు పెండ, మూత్రంతో తడి. పెద్ద బర్రె రాత్రి చాలాసేపు నిలబడే ఉండేది. ముందు మోకాళ్ల దగ్గర వెంట్రుకలు ఊడి పుండ్లు పడ్డాయి. ఆవు లేచేటప్పుడు కాలు జారి రెండుసార్లు పడింది. పాడి ఆవు రోజుకి పది నుంచి పద్నాలుగు గంటలు పడుకోవాలని, పడుకున్నప్పుడే పొదుగుకి రక్తం బాగా అందుతుందని మా పశువైద్యుడు చెప్పారు. మా కొట్టంలో వాటికి ఆ విశ్రాంతి లేదు.

అత్తమ్మ, నేను రాత్రిపూట సోయాపొట్టు, పశువులు వదిలేసిన చొప్ప కింద పరిచేవాళ్లం. వెచ్చగానే ఉండేది. కానీ పొద్దున తడిసినదంతా పారతో ఎత్తి, తట్టల్లో పెంటకుప్ప దాకా మోయాలి, మళ్లీ నేల కడగాలి. దానికే గంటకు పైగా పట్టేది. నాకు పది గంటలకి ఆఫీసు కాల్ ఉంటుంది. 2020లో ఇంటి నుంచి పని అన్నప్పుడు ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పొద్దున పాలు పితికి, కేంద్రంలో పోసి, కొట్టం ఊడ్చి, స్నానం చేసి లాప్‌టాప్ ముందు కూర్చునేసరికి రోజూ టెన్షనే. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆమె వంగి పొట్టు ఎత్తుతుంటే నేను కాల్‌లో ఉండటం నాకు చాలా బాధగా ఉండేది. నిజానికి మ్యాట్లు కొన్నది అందుకే.

వేసిన మొదటి వారమంతా రబ్బరు వాసన. పైన సన్నని పొడి ఉండి జారుతుంది కాబట్టి, రెండుసార్లు వాషింగ్ సోడాతో రుద్ది కడిగాకే పశువులను కట్టండి. మా ఆవు రెండు రోజులు దాని మీద కాలు పెట్టలేదు, తాడు పొడవున్నంత వరకు పక్కకి జరిగి సిమెంటు మీదే నిలబడింది. మూడో రోజు కొంచెం చొప్ప చల్లితే వచ్చి పడుకుంది. బర్రెలకి ఆ అనుమానమేమీ లేదు.

కొట్టంలో చిన్న కెమెరా ఒకటి పెట్టాను. పని చేసుకుంటూ పక్కన తెర మీద చూస్తుంటాను. ముందు రాత్రి పదకొండైనా నిలబడి ఉండే పెద్ద బర్రె, మ్యాట్ వేశాక మేత అయిన కాసేపటికే పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. నెలన్నరలో మోకాళ్ల పుండ్లు మానాయి, వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. ఆవు మళ్లీ జారి పడలేదు. పొద్దున శుభ్రం చేయడానికి గంట పట్టేది ఇప్పుడు ఇరవై నిమిషాలే. పెండ పారతో లాగి, రెండు బకెట్ల నీళ్లు పోసి, చీపురుతో తోసేస్తే అయిపోతుంది.

ఇక మా తప్పు చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ ముందు చెప్పరు. పైన శుభ్రంగా ఉంది కదా అని మొదటి చలికాలం రెండు నెలల పాటు మ్యాట్లు ఒక్కసారి కూడా ఎత్తలేదు. 45 కిలోలది, ఎవరు ఎత్తుతారు? అడుగున గాళ్లు ఉంటాయి, నీరు వాటి గుండా కాలువలోకి పోవాలి. మా నేల వాలు సరిపోక మూత్రం అక్కడే నిలిచిపోయింది. చలికి ఎండ లేదు, ఆరదు. జనవరి చివర్లో కొట్టంలోకి వెళితే కళ్లు మండే ఘాటు. అదే వారం చిన్న బర్రె పొదుగులో ఒక చన్ను గట్టిపడింది, పాలు నీళ్లలా విరిగి గడ్డలు గడ్డలుగా వచ్చాయి. పొదుగువాపు. ఆ రోజు నాకు మధ్యాహ్నం దాకా వరుసగా మీటింగులు. సెలవు పెట్టి పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేశాను. డాక్టర్ వచ్చి చూసి, సూదులు వేసి, మందు రాశారు. వైద్యం అయ్యాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు పారబోశాం. బర్రె చన్ను ముట్టుకోనివ్వకుండా కాళ్లు ఎత్తుతుంటే, అత్తమ్మ దాని మెడ నిమురుతూ, "తప్పు మనదే బిడ్డా, దానికేం తెలుసు" అన్నది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను.

మ్యాట్లు ఎత్తి చూస్తే కింద పాచి, నల్లటి బురద, పురుగులు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఎత్తాల్సిందే. ఇద్దరం ఒక అంచున ఇనుప కమ్మీ దూర్చి పైకి లేపి, గోడకి నిలబెడతాం. కింద కడిగి, సున్నం చల్లి, పూర్తిగా ఆరాకే మళ్లీ వేస్తాం. ఎత్తడం వీలుగా ఉండాలని నేలకి బోల్టులు బిగించలేదు. మామూలుగా బోల్టులు వేస్తారు, అప్పుడు మ్యాట్ కదలదు, నిజమే. కానీ వాలు సరిగ్గా లేని కొట్టంలో బోల్టు వేస్తే ఎత్తడం మానేస్తారు. తర్వాతి వేసవిలో మేస్త్రీని పిలిచి, 40 అడుగులకి ఒక అడుగు లెక్కన కాలువ వైపుకి వాలు పెట్టించాం. ఆ ఖర్చు 9,000 దాటింది. మ్యాట్ ధర లెక్కేసుకునేటప్పుడు ఇది కూడా కలుపుకోండి. మళ్లీ కొనాల్సి వస్తే ముందు నేల సరిచేయించి, తర్వాతే మ్యాట్ తెస్తాను.

ఇంకో సంగతి. పాలు పితికాక చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంటకు పైగా తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో పశువు తడి నేల మీద పడుకుంటే రోగం లోపలికి పోతుంది. మెత్తగా ఉండేసరికి మా బర్రెలు పితకడం అయిన వెంటనే కూలబడటం అలవాటు చేసుకున్నాయి. అందుకే ఇప్పుడు దాణా ముందు సగమే పెట్టి, మిగతా దాణానీ చొప్పనీ పితికిన తర్వాత వేస్తాం. తింటూ నిలబడతాయి. సాయంత్రం ఐదున్నరకి ఆఫీసు పని నుంచి ముప్పావు గంట విరామం అడిగి తీసుకున్నది ఇందుకే. ఆరుంబావుకి మళ్లీ కూర్చుని ఏడున్నర దాకా చేస్తాను. మా టీమ్‌లో ఎవరూ కాదనలేదు.

పాలు పెరుగుతాయని అమ్మేవాళ్లు చెబుతారు. నేను రోజూ రెండు పూటలా పాలు, వెన్న శాతం రాసిపెడతాను. మ్యాట్ వల్లే పెరిగాయని చెప్పేంత తేడా నాకు కనబడలేదు. చలిలో పొద్దుటి పాలు ఎప్పటిలాగే కాస్త తగ్గుతున్నాయి. పల్లిచెక్క, మేత మార్చినప్పుడు కనబడినంత తేడా దీనితో లేదు.

అలాగే మ్యాట్ ఒక్కటే చలి ఆపదు. అది నేల చల్లదనాన్ని తగ్గిస్తుంది, గాలిని ఆపలేదు. ఉత్తరం వైపు గోనెసంచులు కుట్టి పరదాలు కట్టాం. పై నుంచి కింది దాకా పూర్తిగా మూసేస్తే లోపల తేమ, ఘాటు పెరుగుతాయి కాబట్టి పైన రెండడుగులు గాలి ఆడేలా వదిలాం. ఇక దూడలకి ఉత్త రబ్బరు అసలు చాలదు. ఈ డిసెంబర్‌లో పెద్ద బర్రె దుడ్డెని ఈనింది. ఒక రబ్బరు ముక్క మీద పడుకోబెడితే రెండో రాత్రికే వణుకు. వెంటనే కింద మందంగా సోయాపొట్టు పరిచి, ఒంటికి గోనెపట్టా కట్టాం. అత్తమ్మ అర్ధరాత్రి లేచి దాని చెవులు పట్టుకుని చూసేది, చల్లగా ఉంటే ఇంకాస్త పొట్టు వేసేది. పొట్టు పని వద్దనుకుని మ్యాట్లు కొన్నాం, దూడ దగ్గర మళ్లీ పొట్టే కావాల్సి వచ్చింది. కాకపోతే ఒక్క మూలకే కాబట్టి భారం కాలేదు.

మన్నిక గురించి. నాలుగో చలికాలానికి రెండు మ్యాట్లు బాగానే ఉన్నాయి. పైన గరుకు కొంచెం అరిగింది, జారడం లేదు. మూడోది, పెద్ద బర్రె కింద ఉన్నది, వెనక గిట్టలు పడే చోట జానెడు చీలింది. ఒక అంచు పైకి లేచింది కూడా. రెండు వేసవులు కడిగి ఎండలో వదిలేయడం వల్ల అలా అయిందనుకుంటున్నాను, నీడన ఆరబెట్టినవి లేవలేదు. అమ్మిన దుకాణంలో అడిగితే గ్యారంటీ కాగితం మీద ముద్ర లేదన్నారు. కొన్న రోజే బిల్లు, ముద్ర రెండూ చూసుకోండి.

ఒకటో రెండో పాడి పశువులుండి, సిమెంటు నేల ఉండి, పొద్దున పని తొందర ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. వారానికొకసారి ఎత్తడానికి ఇంట్లో రెండో మనిషి లేకపోతే మాత్రం ఒకటే పెద్ద మ్యాట్ కొనకండి. రెండు ముక్కలుగా వచ్చి ఒకదానికొకటి తగులుకునేవి ఉన్నాయి, ఒక్కో ముక్క ఒక్కరే లేపొచ్చు. చీలిన దాని స్థానంలో ఉగాది తర్వాత మేం అదే తెస్తున్నాం. పాతదాని బాగున్న సగం కోసి దుడ్డె మూలలో పొట్టు కింద వేద్దామని అత్తమ్మ ఇప్పటికే కొలత తీసిపెట్టింది.