కేడర్‌ను కదిలించాలా, తటస్థులను గెలవాలా? పార్టీకి ఏది మేలు

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 23. 2024లో వైసీపీకి 39.37 శాతం వచ్చాయి. సీట్లు 11. ఒకరంటే ఒకరికి పడని ఈ రెండు పార్టీలకూ చిత్తుగా ఓడిన రోజున చేతిలో మిగిలింది ఇంచుమించు ఒకే లెక్క. ఏం జరిగినా పార్టీని వదలని ఓటు ఎంతో ఆ రెండు ఓటములే చూపించాయి. ఎంత పెద్ద బేస్ అయినా దాని ఒక్కదానితో అధికారం రాదని కూడా చూపించాయి.

అయినా ఎన్నికలు దగ్గరపడేసరికి ప్రతి పార్టీ ఆఫీసులోనూ అదే వాదన. ఒక వర్గం, ‘ముందు మనవాళ్ళకు ఊపు తెప్పించండి, కేడర్ పడుకుంటే ఎవరూ మనల్ని లేపలేరు’ అంటుంది. ఇంకో వర్గం, ‘మనవాళ్ళు ఎటూ మనకే వేస్తారు, గోడ మీద ఉన్నవాళ్ళ సంగతి చూడండి’ అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎక్కడ ఎవరి మాట చెల్లుతుందన్నదే తేల్చుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. ఇంట్లో కూర్చున్న మన ఓటరును బూత్‌కు తెస్తే మనకు ఒక ఓటు పెరుగుతుంది. అవతలి పార్టీకి వేసేవాణ్ణి మనవైపు తిప్పితే వాళ్ళకు ఒకటి తగ్గి, మనకు ఒకటి పెరుగుతుంది. అంటే తేడా రెండు. కాకపోతే ఖర్చులోనూ తేడా ఉంది. మొదటిదానికి పోలింగ్ రోజు ఒక ఆటో చాలు. రెండోదానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి పడినా తిరగడు.

ఈ పని ఊళ్ళో ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. బూత్ ఏజెంటు ఓటరు లిస్టు ముందేసుకుని ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెడతాడు: మనది, వాళ్ళది, డౌటు. ‘కిరాణా కొట్టు పక్కింట్లో ఐదు ఓట్లు. మూడు మనవే. కోడలి పుట్టింటివాళ్ళు అటు. చిన్నోడు బెంగళూరు నుంచి వస్తాడో రాడో, వచ్చినా ఎవరికేస్తాడో తెలీదు.’ పోలింగ్ రోజు మధ్యాహ్నం దాటాక అదే లిస్టులో ఇంకా రాని ‘మనది’లను ఏరి, వాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపుతారు. పెద్ద నాయకుల వ్యూహాలన్నీ చివరికి ఆ పెన్సిల్ గీతల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఇప్పుడు పోలింగ్ శాతం చూడండి. ఆంధ్రలో 2019లో 80 శాతం దగ్గర, 2024లో దాదాపు 82 శాతం. 2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కార్లు ఎలా బారులు తీరాయో టీవీల్లో చూశాం. ఓటు కోసం బస్సుల్లో నిలబడి వచ్చినవాళ్ళున్నారు, విమానం ఎక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి చోట బేస్‌ను కొత్తగా లేపడానికి మిగిలింది తక్కువే. అమెరికాలో అయితే శతాబ్దంలోనే రికార్డు అనుకున్న 2020 ఎన్నికల్లోనూ మూడోవంతు జనం ఓటు వేయలేదు. అక్కడి స్ట్రాటజిస్టులు ‘బేస్, బేస్’ అంటే దానికో అర్థం ఉంది. ఆ సలహాను పీపీటీతో సహా దించుకుని పల్నాడులో అమలు చేస్తామంటేనే చిక్కు.

2024 ఫలితం నా దృష్టిలో ఈ వాదనకు పెద్ద సాక్ష్యం. కూటమి గెలిచింది మూడు పార్టీలు కలిసినందుకే అని చాలామంది తేల్చేస్తారు. కూడి చూడండి. 2019లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ విడివిడిగా తెచ్చుకున్నవి కలిపినా 46 శాతం దాటవు. 2024లో అవే మూడు పార్టీలకు 55 శాతం వచ్చాయి. పైన వచ్చిన ఆ తొమ్మిది, పది శాతం మూడు కేడర్ల ఉత్సాహంతో పుట్టినవి కావు. ఎక్కువ భాగం 2019లో జగన్ ‘ఒక్క ఛాన్స్’ అంటే సరే ఇద్దామనుకున్నవాళ్ళవే. ఆ ‘ఒక్క ఛాన్స్’ మాట ఎవరికోసమో గమనించారా? కేడర్‌కు అది అక్కర్లేదు, వాళ్ళకు వంద ఛాన్సులైనా తక్కువే. జగన్ 3,648 కిలోమీటర్ల పాదయాత్ర బేస్‌కు ఊపు తెస్తే, ఆ రెండు ముక్కలు తటస్థుడి అనుమానాన్ని తీర్చాయి.

ఐదేళ్ళ తర్వాత అదే వైసీపీ ‘వై నాట్ 175’ అంది, అంటే ఉన్న సీట్లన్నీ మనకే ఎందుకు రావని. విన్న కార్యకర్త ఈల వేశాడు. తటస్థుడికి అందులో తన పేరే లేదు. ‘మీ ఇంట్లో మంచి జరిగితేనే ఓటేయండి’ అన్న మాట మంచిదే గానీ, పథకం డబ్బు పడిన ప్రతి ఇంటినీ బేస్ కింద జమ కట్టుకున్నారనిపిస్తుంది. డబ్బు తీసుకున్న ఇల్లు పార్టీ ఇల్లు అయిపోదు. అది పెన్సిల్ లిస్టులో డౌటుగానే ఉంటుంది.

బేస్‌ను రెచ్చగొట్టడంలో ఇంకో నష్టం ఉంది: అవతలివాళ్ళ బేస్ కూడా లేస్తుంది. 2021 ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలను బహిష్కరించినప్పుడు తెలుగుదేశం కేడర్ నీరసంగా ఉంది. అదే ఏడాది నవంబరులో చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చి ప్రెస్‌మీట్‌లో కన్నీళ్ళు పెట్టుకున్నాక, 2023 సెప్టెంబరులో అరెస్టయ్యాక, ఆ కేడర్‌ను లేపడానికి వేరే మీటింగు అక్కర్లేకపోయింది. రాజమండ్రి జైలు బయటే పవన్ కల్యాణ్ పొత్తు ప్రకటించారు.

అలాగని కేడర్‌ను పక్కన పెట్టమని కాదు. తటస్థుడు టీవీ డిబేట్ చూసి మారడు, తనకు తెలిసినవాడు చెబితే కొంత వింటాడు. ఆ తెలిసినవాడే కార్యకర్త. జగన్ ప్రభుత్వం ఊరూరా పెట్టిన వాలంటీర్లు వచ్చాక పెన్షన్ దగ్గర్నుంచి సర్టిఫికెట్ దాకా పనులు వాళ్ళ చేతుల మీదుగా నడిచాయి, ఊళ్ళో చోటా నాయకుడి గడప తొక్కేవాళ్ళు తగ్గారు. 2024లో ఎన్నికల కోడ్ వేళ పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను తప్పించాక మళ్ళీ ఆ చోటా నాయకుడే కావాల్సి వచ్చాడు. అప్పటికి అతని మాటకు పాత విలువ లేదు.

బేస్ ముందు అనే వాదన నెగ్గే చోటు లేకపోలేదు. హైదరాబాద్ చూడండి. 2020 గ్రేటర్ ఎన్నికల్లో ఓటేసింది 47 శాతం లోపే. అలాంటి చోట ఎవరు తమవాళ్ళను ఇంట్లోంచి లాగితే వాళ్ళదే రోజు. బీజేపీ 4 డివిజన్ల నుంచి 48కి ఎగబాకింది, టీఆర్ఎస్ 99 నుంచి 56కి పడింది. నగరంలో డివిజన్ ఎన్నిక, ఉప ఎన్నిక, ఎమ్మెల్సీ ఎన్నిక అయితే నేనూ కేడర్ వైపే ఓటేస్తాను.

బేస్‌ను మరీ తేలిగ్గా తీసుకున్నా దెబ్బే. 2018లో తెలంగాణ సెంటిమెంటుతో 88 సీట్లు గెలిచిన టీఆర్ఎస్, 2022లో జాతీయ రాజకీయాల కోసం పేరులోంచి తెలంగాణనే తీసేసి బీఆర్ఎస్ అయింది. కొత్త రాష్ట్రాల్లో కొత్త ఓటరు దొరకలేదు, ఇక్కడ పాతవాడికి పట్టు సడలింది. 2023లో కాంగ్రెస్‌తో ఓట్ల తేడా రెండు శాతమే, దక్కిన సీట్లు మాత్రం 39. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, అంత దగ్గరి పోటీలో పేరు మార్పు వల్ల ఒక్క శాతం పోయినా పెద్దదే.

ఇప్పుడు ఇదే పరీక్ష ఆంధ్రలో అధికారంలో ఉన్న కూటమి ముందుంది. కార్యకర్తలు రెడ్‌బుక్ (తమను వేధించినవాళ్ళ పేర్లు రాసుకున్నానని లోకేశ్ చెప్పిన పుస్తకం) ఏమైందని అడుగుతున్నారు, నామినేటెడ్ పదవుల కోసం ఎదురుచూస్తున్నారు. 2024లో మారిన ఆ పది శాతం మాత్రం ఉద్యోగాల గురించి, రోడ్ల గురించి, కరెంటు బిల్లు గురించి అడుగుతోంది. పదవులు ఇవ్వచ్చు, అది కేడర్‌కు న్యాయంగా రావాల్సిందే. రెడ్‌బుక్‌ను ఎంత చదివి వినిపిస్తే అంత, కిందటిసారి ఈలలు వినబడిన చోటే మళ్ళీ వినబడతాయి.