సద్ద ఏ జాతి? మూడేళ్లకు పైగా వాడిన పరీక్షల మీద సమీక్ష

2022 ఆగస్టులో కర్నూలులో, హంద్రీ వంతెనకు కొంచెం ఇవతల, వానకు తడిసి ముద్దయిన మూడు కుక్కపిల్లలు మాకు దొరికాయి. రెండు రోజులు వెతికినా తల్లి జాడ తెలియలేదు. నల్లపిల్ల నాలుగో రోజు చనిపోయింది. గోధుమరంగు పిల్లను కల్లూరులో మాకు తెలిసిన కుటుంబం పెంచుకుంటామని తీసుకువెళ్లింది. వీపంతా నలుపు, కాళ్లూ మూతీ తేనెరంగు, పక్కలకు సద్దగింజల్లాంటి బూడిదరంగు ఉన్న మూడో పిల్ల మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పక్కల రంగు చూసి మా అమ్మ దానికి సద్ద అని పేరు పెట్టింది. సద్ద ఏయే జాతుల కలయికో తెలుసుకోవడానికి నేను వాడిన మూడు సాధనాలను, అంటే అనుభవజ్ఞుల కంటిచూపును, ఫోన్‌లో ఫొటో చూసి జాతి చెప్పే యాప్‌ను, రెండు సంస్థల డీఎన్‌ఏ కిట్లను, వాటి ఫలితాలతో ఇన్నేళ్లు కాపురం చేసిన తరువాత ఇక్కడ సమీక్షిస్తున్నాను.

మొదట కంటిచూపు. టీకాల కోసం తీసుకువెళ్లిన రోజు డాక్టరు గారు దాని నోరు తెరిచి, ముందుపళ్లు వచ్చేశాయి, దవడ పళ్లు ఇప్పుడిప్పుడే చిగుళ్లు చీల్చుకుంటున్నాయి కాబట్టి వయసు ఐదారు వారాలని చెప్పారు. ఆ అంచనాను నేను ఈనాటికీ నమ్ముతాను, ఎందుకంటే పళ్లు వచ్చే కాలం కుక్కలన్నింటిలోనూ దాదాపు ఒకటే. ఆ వెంటనే ఆయన వీపు మీద వేలు పెట్టి, ‘‘షెపర్డ్ క్రాస్ సార్, ఈ నలుపు చూడండి’’ అని టీకాల పుస్తకంలో జాతి అన్న గడిలో ‘జి.ఎస్.డి. క్రాస్’, అంటే జర్మన్ షెపర్డ్ కలిసినదని రాశారు. పళ్లను చూసి చెప్పిన మాట ఎంత నిక్కమో వీపును చూసి చెప్పిన మాట కూడా అంతే నిక్కమని ఆ రోజు మేము అనుకున్నాము. తప్పు అక్కడే మొదలైంది.

ఐదో నెలలో దాని ఎడమ చెవి నిలబడింది, కుడి చెవి వాలే ఉంది. వారం తరువాత రెండూ నిలబడ్డాయి. ఇంటికి వచ్చిన ప్రతివారూ ఆ చెవులను చూసి షెపర్డ్ రక్తం ఖాయమన్నారు. మన వీధిలో పుట్టి వీధిలో పెరిగే కుక్కల్లో ఎన్నింటికి నిలబడిన చెవులు ఉంటాయో, ప్రతిరోజూ చూస్తూ కూడా, మాలో ఎవరికీ తట్టలేదు. పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే దుకాణంలో షెపర్డ్ పిల్ల అని చెబితే, పెద్ద జాతి కాబట్టి ఎముక గట్టిపడాలని కాల్షియం సీసా ఒకటి అంటగట్టారు. రెండు నెలలు పోశాము. పెద్ద జాతి పిల్లలకు అవసరానికి మించిన కాల్షియం ఎముకల ఎదుగుదలను చెడగొడుతుందన్న సంగతి ఆ తరువాత మరో డాక్టరు గారు చెబితే తెలిసింది. అంటే అది నిజంగా షెపర్డ్ అయి ఉంటే మేము చేసిన పని మరింత హాని చేసి ఉండేది.

అన్నింటికన్నా ముందు నిజం చెప్పినది మా ఇంటి బరువు చూసే యంత్రం. సద్దను ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి నిలబడి, తేడాను క్యాలెండరులో ఆ తేదీ కింద పెన్సిల్‌తో రాసేవాడిని. నాలుగు నెలలకు 7 కిలోలు, ఏడాదికి 15 కిలోల చిల్లర, ఇప్పుడు 17. జర్మన్ షెపర్డ్ ఆడకుక్క జాతి ప్రమాణం ప్రకారం 22 నుంచి 32 కిలోల మధ్య ఉండాలి. తక్కువ పెడుతున్నామేమోనని నేను బెంగపడి గుడ్లు పెంచాను, చికెన్ పెంచాను. విరేచనాలు పట్టుకున్నాయి తప్ప బరువు పెరగలేదు. అది తన ఒంటికి తగినంతే పెరుగుతున్నదని, తప్పు మా లెక్కలోనిదని అర్థం కావడానికి ఏడాది పట్టింది. వీపు మీది నలుపు కూడా అప్పటికి వెన్నెముక వెంట సన్నటి చారగా మిగిలింది. చిన్నప్పుడు ముదురుగా కనిపించే రంగు నెలలు గడిచేకొద్దీ తేలిపోవడం కుక్కపిల్లల్లో మామూలే.

కన్ను ఎందుకు ఇంతగా మోసపోతుందో తెలుసుకోవాలని ఆ తరువాత కొంత చదివాను. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు బసెంజీ, కాకర్ స్పానియల్ అనే రెండు జాతుల కుక్కలను జతకట్టించి, పుట్టిన సంతతిని తరాల వెంట పరిశీలించి 1965లో పుస్తకం వెలువరించారు; ఆ పిల్లల్లో చాలా వాటిని చూస్తే తల్లి జాతి గాని తండ్రి జాతి గాని ఎవరికీ గుర్తుకు రాదు. 2009లో వచ్చిన మరొక పరిశోధన జాతికుక్కల బొచ్చులో మనకు కనిపించే తేడాల్లో అత్యధిక భాగానికి మూడే మూడు జన్యువులు కారణమని తేల్చింది. కుక్కకు 39 జతల క్రోమోజోములు ఉంటాయి. అంత పెద్ద గ్రంథంలో మనం చదువుతున్నది అట్ట మీది రంగును మాత్రమే. పైగా ఒకే కాన్పులో పుట్టిన పిల్లలకు వేరువేరు తండ్రులు ఉండడం కుక్కల్లో సాధ్యమే కాబట్టి, తోబుట్టువును చూసి దీని జాతి చెప్పడం కూడా కుదరదు.

ఫోన్ యాప్ గురించి ఎక్కువ రాయను. ఉదయం వాకిట్లో తీసిన ఫొటోకు బెల్జియన్ మాలినోయ్ అన్నది, సాయంత్రం అదే వాకిట్లో తీసిన ఫొటోకు డింగో అన్నది. దానికి నేర్పిన పేర్లలో ఏదో ఒకటి చెప్పక తప్పదు. ‘నాకు తెలియని కుక్క’ అనే జవాబు దాని దగ్గర లేదు.

ఇక డీఎన్‌ఏ కిట్లు. మొదటిది 2022 డిసెంబరులో సుమారు ఏడు వేల రూపాయలకు తెప్పించాను. పెట్టెలో రెండు దూదిపుల్లలు, గొట్టం, నమోదు సంఖ్య ఉన్న చీటీ వచ్చాయి. తినిపించిన తరువాత కొంత సమయం ఆగి, దూదిని బుగ్గ లోపల అర నిమిషానికి పైగా తిప్పాలన్నది సూచన. అమ్మ సద్దను ఒడిలో పెట్టుకుని గడ్డం పట్టుకుంటే నేను పెదవి పక్క నుంచి పుల్లను లోపలికి పోనిచ్చాను. అది ఒక్క క్షణం ఊరుకుని, నాలుకతో దూదిని లాగి, పళ్ల మధ్య బిగించి, తల అటూ ఇటూ విదిలించింది. దూదిలో సగం దాని నోట్లోనే ఉండిపోయింది. మిగిలిన పుల్లతోనే పని ముగించి పంపాను. నెల తరువాత, నమూనాలో కణాలు చాలలేదు, మళ్లీ పంపండి అని కబురు వచ్చింది. రెండోసారికి నేను నేర్చుకున్నది ఇది: కుక్క నిద్రమత్తులో ఉన్నప్పుడు, నేల మీద పక్కకు పడుకుని ఉండగా, పుల్లను పళ్లకు బయటివైపు, బుగ్గకు ఆనించి తిప్పాలి. మధ్యాహ్నం రెండు గంటలకు, పంకా కింద, అది కళ్లు కూడా పూర్తిగా తెరవలేదు.

ఫలితం మార్చిలో వచ్చింది. చౌ చౌ 31 శాతం, అకీతా 22, సలూకీ 18, మిగిలినది చిన్నచిన్న ముక్కలు. షెపర్డ్ పేరే లేదు. కర్నూలు వీధుల్లోకి జపాన్ జాతి అకీతా ఎలా వచ్చిందని నేను, మా అమ్మ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. నిజానికి పరీక్ష చదివిన డీఎన్‌ఏలో తప్పేమీ ఉండకపోవచ్చు. తప్పంతా దాన్ని పోల్చి చూసిన జాబితాలో ఉంది. ఇలాంటి పరీక్షలు మన కుక్క జన్యువులను తమ దగ్గర ఉన్న జాతుల నమూనాలతో పోల్చి, దేనికి దగ్గరగా ఉంటే దాని పేరు రాస్తాయి. ఆ జాబితాలో మన నాటు కుక్క లేకపోతే, ఆసియా మూలాలున్న జాతుల్లో దగ్గరిదాన్ని వెతికి పట్టుకుంటాయి. యాప్ చేసిన పనే ఇదీ చేసింది, ఎక్కువ డబ్బుకు, శాతాల లెక్కతో.

ఈ ఒక్క విషయం నన్ను నిజంగా బాధించింది. జాతికుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ లండన్‌లో ఏర్పడింది 1873లో, జర్మన్ షెపర్డ్ ఒక జాతిగా నమోదైంది 1899లో. మన ఊళ్లలో గొర్రెల మందల వెంట, జొన్నచేల గట్ల మీద తిరిగే నాటు కుక్కల వంశం అంతకన్నా ఎంతో పాతది. అది ఏ జాతీ చెడిపోయి పుట్టినది కాదు. అయినా మన నోటికి మాత్రం దాని పేరు చెప్పాలంటే ‘ఏదో క్రాస్’ అన్న మాటే ముందు వస్తుంది.

రెండో కిట్‌ను 2024లో అమెరికాలో ఉన్న మా చెల్లెలు సెలవులకు వస్తూ తెచ్చింది, వెళ్లేటప్పుడు నమూనాను తనే తీసుకువెళ్లి అక్కడ పోస్టు చేసింది. ఖరీదు మొదటిదానికి రెట్టింపు దాటింది. దాని జాబితాలో దక్షిణాసియా ఊరికుక్కలకు విడిగా చోటు ఉందని ముందే చూసుకున్నాను. ఐదు వారాలకు వచ్చిన ఫలితం: దక్షిణాసియా ఊరికుక్క 89 శాతం, లాబ్రడార్ 8, తేల్చలేనిది 3. షెపర్డ్ ఇక్కడా సున్నాయే. ముత్తాత తరంలో ఒకరు అసలుసిసలు జాతికుక్క అయితే సగటున 12.5 శాతం, ఆ పై తరంలో అయితే 6.25 శాతం రావాలి. కాబట్టి ఈ ఎనిమిది శాతం ఎప్పుడో ఎవరి ఇంటి గేటు దాటి వచ్చిన లాబ్రడార్‌ది అయి ఉండాలి. నేను వాడిన వాటిలో సద్దను చూసి నమ్మదగినట్టు తోచిన ఫలితం ఇదొక్కటే.

దీనిలోనే ఆరోగ్య భాగం కూడా ఉంది, డబ్బుకు విలువ నాకు అక్కడ కనిపించింది. మందుల విషయంలో ముఖ్యమైన ఎండీఆర్1 అనే జన్యువులో కొన్ని కుక్కలకు ఒక లోపం ఉంటుంది. కోలీ వంటి మందకాపలా జాతుల్లో అది ఎక్కువ. ఆ లోపమున్న కుక్కకు గజ్జి వంటివాటికి వాడే ఐవర్‌మెక్టిన్ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే మెదడుకు దెబ్బ తగులుతుంది. గత వేసవిలో సద్దకు బొచ్చు ఊడే గజ్జి పట్టినప్పుడు, ఏ మందు వాడాలా అని డాక్టరు గారు ఆలోచిస్తుంటే నేను ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను. లోపం లేదని చూసి ఆయన మోతాదు రాశారు. ఆరు వారాల్లో బొచ్చు తిరిగి వచ్చింది.

స్వభావం తెలుసుకోవడానికి మాత్రం ఎవరూ కిట్ కొనవద్దు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబులను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించి, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగినది 9 శాతమేనని చెప్పింది. షెపర్డ్ అని రాసి ఉన్నంతకాలం మా ఎదురింటి అక్క పిల్లలను మా గేటు దగ్గరికి రానిచ్చేది కాదు. సద్ద అప్పుడూ ఇప్పుడూ ఒకే కుక్క: కొత్తవారిని చూస్తే మంచం కిందకు పోతుంది, గ్యాస్ సిలిండర్ చప్పుడుకు మొరుగుతుంది, అమ్మ రొట్టె తడుతుంటే పెనం పక్కన కూర్చుంటుంది. పరీక్షకు ముందు, షెపర్డ్ పిల్ల అయితే ఇవ్వండి, తోటకు కాపలా పెట్టుకుంటానని రెండుసార్లు వచ్చి అడిగిన పెద్దమనిషి, ఫలితం విన్న తరువాత మళ్లీ రాలేదు. ఆయనకు ఇవ్వనందుకు నాకు ఇప్పటికీ నిశ్చింతగా ఉంది.

కొనాలనుకునేవారికి నా మాట: ముందుగా జాబితాలో మన ప్రాంతపు ఊరికుక్కలు ఉన్నాయో లేవో అడిగి తెలుసుకోండి, లేవంటే ఎంత చవకగా వచ్చినా వద్దు. తల్లిపాలు మానకముందు నమూనా తీయకండి, పిల్ల నోట్లో తల్లి కణాలు కలిసే అవకాశం ఉంది. జాతి తేలేదాకా తిండి, మందులు బరువును బట్టి పెట్టండి.

కల్లూరుకు వెళ్లిన గోధుమరంగు పిల్లను వాళ్లు లాబ్ అనే పిలుచుకుంటారు. మొన్న సంక్రాంతికి చూసి వచ్చాను. తోక మెలి తిరిగి వీపు మీద పడి ఉంది, చెవులు నిటారుగా ఉన్నాయి, నన్ను గుర్తుపట్టి చేతులు నాకింది. పరీక్ష చేయిద్దామా అని అడగాలని వెళ్లిన నేను అడగకుండానే తిరిగి వచ్చాను. సద్ద టీకాల పుస్తకం నిండిపోతే ఈ ఏడు కొత్తది ఇచ్చారు. కాంపౌండరు జాతి గడి దగ్గర కలం ఆపి నా వైపు చూస్తే, ‘‘నాటు కుక్క అని రాయండి’’ అన్నాను. రాశాడు.