నీళ్ల రాకెట్ కిట్: లాంచర్ సూపర్, రెక్కలు దండగ

మా మేనల్లుడికి స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉందంటే విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బొమ్మల షాపులో నీళ్ల రాకెట్ కిట్ కొన్నాను, 850 రూపాయలు. షాపు పేరు రాయను, తప్పు కిట్ తయారుచేసిన వాళ్లది. బాక్సులో లాంచర్, రబ్బరు బిరడా, ప్లాస్టిక్ ముక్కు, నాలుగు రెక్కలు, డబుల్ సైడ్ టేపు ఉంటాయి. కూల్‌డ్రింక్ సీసా, సైకిల్ పంపు మనవే.

లాంచర్‌కి వంక పెట్టడానికి లేదు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టినా బిరడా దగ్గర చుక్క కారలేదు, తాడు లాగగానే పిన్ను టక్కున వచ్చేస్తుంది.

రెక్కల దగ్గరే ఉంది అసలు గొడవ. మెత్తటి ఫోమ్ ముక్కలు, వేలితో నొక్కితే వంగిపోతాయి. పైగా బాక్సు మీది బొమ్మలో వాటిని సీసా నడుముకి అంటించి చూపించారు. మేమూ అలాగే అంటించి, ఊరి బయట కోతలైపోయిన మళ్లలో వదిలాం. అది ఇంటి కప్పు ఎత్తు కూడా వెళ్లకుండానే పల్టీ కొట్టి, నీళ్లు చిమ్ముకుంటూ అడ్డంగా వచ్చి మా బావ బండి మీద పడింది. ఒక రెక్క గాల్లోనే ఊడిపోయింది. షాపుకెళ్లి అడిగితే "అవి అందానికి పెడతారు సార్, రాకెట్ ఎగిరేది రెక్కలతో కాదు కదా" అన్నాడు.

ఎగిరేది నీళ్ల తోపుడుతోనే, ఒప్పుకుంటా. తిన్నగా ఎగరాలంటే మాత్రం రెక్కలు ఉండాల్సిందే. చిన్నప్పుడు తారాజువ్వ పుల్ల విరిచేసి వెలిగించిన వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు (నేను వెలిగించాను, తన్నులూ తిన్నాను). గాల్లో ఉన్న రాకెట్ దాని బరువు కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ముక్కు కాస్త ఒరిగితే ఎదురుగాలి రెక్కలకి ఏటవాలుగా తగిలి, పక్కకి జరిగిన తోకని మళ్లీ వెనక్కి నెడుతుంది, దాంతో ముక్కు దారిలోకి వస్తుంది. ఇలా జరగాలంటే గాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే చోటు బరువు కేంద్రానికి వెనక, కనీసం సీసా వెడల్పంత దూరంలో ఉండాలి. రెక్కలు నడుముకి అంటిస్తే ఆ దూరం ఎక్కడుంటుంది?

ఎలక్షన్లప్పటి సన్‌ప్యాక్ (గట్టి ప్లాస్టిక్ అట్ట) బోర్డు ఒకటి అటక మీద ఉంటే దాన్ని కోసి మూడు రెక్కలు చేశాం. సీసా మూతి వైపు (ఎగిరేటప్పుడు అదే తోక), వీలైనంత వెనక్కి, ప్యాకింగ్ టేపుతో బిగించాం. గ్లూ గన్ జోలికి పోకండి, ఆ వేడికి సీసా ముడుచుకుపోతుంది, మనం గాలి ఎక్కించేది అందులోనే మరి. బరువు ముందుకి రావడానికి ముక్కులో నిమ్మకాయంత క్లే ముద్ద పెట్టాం. తర్వాత ఖాళీ సీసాకి బరువు సమంగా తూగే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పాను. ఖాళీది ఎందుకంటే నీళ్లు సెకను లోపే అయిపోతాయి, మిగతా ప్రయాణమంతా ఖాళీ సీసాదే. ముక్కు ముందుకి పెట్టుకుని తిరిగితే పాసయినట్టు. మాది పాసయింది, పొలంలో కొబ్బరిచెట్లు దాటి పోయింది. మావాడు ఆశపడి ఇంకా పెద్ద రెక్కలు కోశాడు గానీ, అప్పుడు గాలి ఎటు నుంచి వీస్తే అటే ముక్కు తిప్పుకుని తోటలోకి దూరింది. అతి చేసినా కష్టమే.

"మరి పీఎస్ఎల్వీకి ఇంత రెక్కలు కనబడవేం మావయ్యా?" అన్నాడు. దాన్ని దారిలో పెట్టడానికి వేరే ఏర్పాట్లున్నాయిరా, రెండో దశలో వికాస్ ఇంజన్‌నే అటూ ఇటూ వాలుస్తారు, కేరళలోని తుంబా నుంచి ఇస్రో వదిలే ఆర్‌హెచ్-200 లాంటి చిన్న రాకెట్లకి అవేవీ ఉండవు కాబట్టి తోక దగ్గర రెక్కలు పెడతారు అని చెప్పాను.

లాంచర్‌కి నాలుగు స్టార్లు, రెక్కలకి సున్నా. షాపాయన ఆ ఫోమ్ ముక్కలు వెనక్కి తీసుకోలేదు. ఊడిన ఒకటి దొరకలేదు, మిగతా మూడూ మా అక్క వంటింట్లో ఊగే బల్ల కాలి కింద ఉన్నాయి, అక్కడ బాగానే పనిచేస్తున్నాయి.