ఆరేళ్ళు ఉండి చూశాక: మా కాలేజీ పిల్లల మీద ఉన్న పేరు ఎంతవరకు నిజం?

డిగ్రీ నాలుగేళ్ళు, పీజీ రెండేళ్ళు ఒకే కాలేజీలో చదివాను. అందులో ఐదేళ్ళు హాస్టల్లోనే ఉన్నాను. చేరకముందు అక్కడి వాళ్ళ గురించి నేను విన్నవి నాలుగు మాటలు. పుస్తకాల పురుగులు. పొగరు ఎక్కువ. అందరూ డబ్బున్న ఇళ్ళ పిల్లలే. పక్కవాళ్ళకి నోట్స్ కూడా ఇవ్వరు. ఇవన్నీ విని సీటు వదిలేద్దామా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు అదే టెన్షన్‌లో ఉన్నవాళ్ళ కోసం, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నోట్స్ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అది నిజం. మొదటి ఏడాది పక్కన కూర్చునే అమ్మాయిని ఒక చాప్టర్ నోట్స్ అడిగితే తన దగ్గర లేదంది. ఆ సాయంత్రమే దాన్ని తన చేతిలో చూశాను. చాలా బాధపడ్డాను. కానీ రెండో సెమిస్టర్‌కి నేనూ అదే పని చేశాను. ఒక సీనియర్ ఇచ్చిన పాత ప్రశ్నపత్రాలు మా రూమ్మేట్‌కి కనపడకుండా బట్టల కింద పెట్టాను. వాళ్ళంతా అలాంటివాళ్ళే అని బయట అనుకునేది నన్ను కూడా కలుపుకునే అని అప్పుడు అర్థమైంది.

దీనికి కారణం మూడో ఏడాదిలో తెలిసింది. మాకు రిలేటివ్ గ్రేడింగ్ ఉండేది. అంటే నాకు ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఒక్కటే చూడరు, క్లాసులో మిగతావాళ్ళకి ఎన్ని వచ్చాయన్న దాన్ని బట్టి గ్రేడ్ ఇస్తారు. పక్కమ్మాయికి సాయం చేస్తే నా గ్రేడ్ తగ్గొచ్చు. ఆ ఏడాది ఒక మేడమ్ మాత్రం మొదటి రోజే చెప్పేశారు: 85 దాటినవాళ్ళు ఎంతమంది ఉన్నా అందరికీ పై గ్రేడే ఇస్తానని. క్లాసులో ఉన్నది ఎప్పటి అరవై మందిమే. రెండు వారాల్లో ఆ సబ్జెక్టు నోట్స్ అన్నీ గ్రూపులోకి వచ్చేశాయి. ఇంతకుముందు దాచుకున్నవాళ్ళే రాత్రి కూర్చుని మిగతావాళ్ళకి లెక్కలు చెప్పారు. అదే సెమిస్టర్‌లో రిలేటివ్ గ్రేడింగ్ ఉన్న సబ్జెక్టుల నోట్స్ ఒక్క పేజీ కూడా ఆ గ్రూపులో కనపడలేదు. కాబట్టి ఆ పేరులో నిజం ఉంది, కానీ దాన్ని మనుషుల గుణంగా చెప్పడం తప్పు. గ్రేడ్లు ఇచ్చే పద్ధతి మారిన చోట మేమూ మారాం.

డబ్బున్న పిల్లలన్నది చాలావరకు తప్పు. సెలవురోజు బయట తిరిగేవాళ్ళే బయటివాళ్ళకి కనిపిస్తారు. ఖర్చుకి భయపడి గదిలోనే ఉండిపోయేవాళ్ళు మా హాస్టల్లో ఎంతోమంది ఉండేవాళ్ళు, వాళ్ళని చూసేదెవరు?

పొగరు గురించి. పోటీలకి వేరే కాలేజీకి వెళ్ళినప్పుడు మేం ఒక మూల గుంపుగా కూర్చునేవాళ్ళం. కొత్తవాళ్ళతో ఎలా మాట కలపాలో తెలియక అలా కూర్చున్నాం. అది చూసినవాళ్ళకి పొగరులా కనపడి ఉంటుంది. మేమూ తక్కువేం కాదు. పక్క కాలేజీ వాళ్ళు చదవరని, తిరుగుతారని గట్టిగా నమ్మేవాళ్ళం. చూసింది మాత్రం ఇద్దరినో ముగ్గురినో. 1980లో జార్జ్ క్వాట్రోన్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్, రట్గర్స్ యూనివర్సిటీల విద్యార్థుల మీద చేసిన ప్రయోగం గురించి పీజీలో చదివినప్పుడు మేమే గుర్తొచ్చాం. ఒక విద్యార్థి రాక్ సంగీతం వినాలా, శాస్త్రీయ సంగీతం వినాలా లాంటి చిన్న ఎంపిక చేయడం వీడియోలో చూపించారు. ఆ కాలేజీలో ఎంతమంది అలాగే ఎంచుకుంటారని అడిగారు. ఆ విద్యార్థి అవతలి కాలేజీ అని చెబితే, ఒక్కరిని చూసి కాలేజీ మొత్తం అంతే అనుకోవడం ఎక్కువైంది. సొంత కాలేజీలో రకరకాల మనుషులు ఉంటారని మనకి తెలుసు కదా.

ఇక పుస్తకాల పురుగులన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే ఈ మాటని బయటివాళ్ళ కంటే మేమే ఎక్కువగా నమ్మాం. రాత్రి పన్నెండింటికి లైబ్రరీ నిండా మనుషులుండేవాళ్ళు, నిజమే. కానీ గదికి ముగ్గురం. ఒకరు నిద్రపోతే లైటు ఆపాలి, అందుకే చాలామంది అక్కడికి వచ్చేవాళ్ళు. సగంమంది చేతుల్లో ఫోన్ ఉండేది. అది కళ్ళతో చూస్తూ కూడా, అందరూ చదివేస్తున్నారు, నేనే వెనకబడ్డానని ప్రతి ఒక్కరం అనుకునేవాళ్ళం. డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ 1993లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటిదే ఉంది, వాళ్ళు చూసింది ప్రిన్స్‌టన్‌లో మద్యం అలవాటు. తాగుడు విషయంలో తమకున్న ఇబ్బంది మిగతావాళ్ళకి అంతగా లేదని విద్యార్థులు అనుకున్నారు. మాకు చదువు విషయంలో అదే జరిగింది.

రెండో ఏడాది ఒక రాత్రి కరెంటు పోయి ఎనిమిది మందిమి వరండాలో కూర్చున్నాం. చీకట్లో ఒకమ్మాయి "నాకు రెండు నెలలుగా క్లాసులో ఏమీ అర్థం కావట్లేదు, ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నా" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరుగా అందరం అదే చెప్పాం. స్కూల్లో ఫస్ట్ వచ్చినవాళ్ళందరినీ ఒక క్లాసులో కూర్చోబెడితే సగంమంది కింది సగంలోనే ఉంటారు. అంత చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి వెళ్ళిపోలేదు. కానీ ఎవరితోనూ చెప్పుకోకుండా చదువు మానేసి వెళ్ళినవాళ్ళు మా బ్యాచ్‌లో ఉన్నారు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మళ్ళీ ఆ సీటు వస్తే చేరతానా అంటే, చేరతాను. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళలో ఐదుగురు ఇవాళ్టికీ నాకు దగ్గరి స్నేహితులు. చేరబోయేవాళ్ళు ఆ కాలేజీ పిల్లలు ఎలాంటివాళ్ళని అడగకండి, ఆ ప్రశ్నకి ఎవరైనా విన్నదే చెబుతారు. గ్రేడ్లు ఎలా ఇస్తారో, గదికి ఎంతమందో, రాత్రి ఎన్నింటివరకు లైబ్రరీ తెరిచి ఉంటుందో అడగండి. టాపర్‌ని ఒక్కరినే కాదు, ఒక సబ్జెక్టైనా తప్పినవాళ్ళని కూడా వెతికి పట్టుకుని, అప్పుడు వాళ్ళకి ఎవరు సాయం చేశారో అడగండి.